నాన్న ఆడుకున్న రైలు బొమ్మలు: షోకేసులో పెట్టాలా, పిల్లాడి చేతికివ్వాలా?

మీరు అడిగింది ఇది. అటక సర్దుతుంటే మీ నాన్నగారు చిన్నప్పుడు ఆడుకున్న రైళ్లు రెండు దొరికాయి. ఒకటి లక్క పూసిన చెక్క రైలు, రెండోది కీ ఇస్తే పరిగెత్తే రేకు రైలు. మీ బాబుకి నాలుగేళ్లు. వాడికి ఇచ్చేయాలా, జాగ్రత్తగా దాచాలా, ముందుగా కొత్త రంగు వేయించాలా అని మీ సందేహం.

చెక్క రైలు ఇచ్చేయండి. రేకు రైలు ఇప్పుడే వద్దు, వాడికి ఏడెనిమిదేళ్లు వచ్చాక మీరు పక్కన కూర్చుని ఆడించండి. రంగు మాత్రం రెండింటికీ వేయించకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, మా కుటుంబంలోనూ అచ్చం ఇలాంటివే రెండు ఉన్నాయి. వాటిలో ఒకటి అరవై ఏళ్లు దాటినా నేల మీద తిరుగుతోంది. ఇంకొకటి అద్దాల బీరువాలోనే బిగుసుకుపోయింది.

తిరుగుతున్నది ఏటికొప్పాక రైలు. లక్క పూసిన చెక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది. మా తాతయ్య రైల్వేలో పాయింట్స్‌మన్, అంటే స్టేషన్లో బండ్లకి పట్టాలు మార్చే ఉద్యోగి. చాలా చిన్న స్టేషన్లు తిరిగి చివరికి నర్సీపట్నం రోడ్‌కి వచ్చారు. అక్కణ్ణించి ఏటికొప్పాక దగ్గరే. నాన్నకి ఆరేళ్లప్పుడు అక్కడే ఈ రైలు కొన్నారు. ఇంజను, మూడు పెట్టెలు, చివర గార్డు పెట్టె. ఇంజను బాయిలరు ముదురు ఎరుపు, పొగగొట్టం నలుపు, పెట్టెలు పసుపూ ఆకుపచ్చా. పెట్టెకీ పెట్టెకీ మధ్య ఇత్తడి కొక్కేలు. ఇంజను అడుగున లక్క పూయని చోట తాతయ్య స్టేషన్లో వాడే కాపీయింగ్ పెన్సిలుతో ‘సంక్రాంతి 1961’ అని రాశారు. ఆ పెన్సిలు రాత పొడిగా ఉంటే బూడిద రంగులో ఉంటుంది, తడి తగిలితే ఊదా రంగు తేలుతుంది. ఎప్పుడో ఎవరి చెమట చెయ్యో తగిలినట్టుంది, ‘క్రాం’ దగ్గర ఊదా మరక ఒకటి పడింది. ఇంజను చేతికొస్తే నేను ముందు తిప్పి చూసేది ఆ మరకనే.

రైలు తెచ్చిచ్చి ఊరుకోకుండా ఆట కూడా తాతయ్యే నేర్పారు. ఇది కాస్త వివరంగా చెబుతాను. మా రైలు ఇన్నాళ్లు నిలవడానికి, చెక్క గట్టిదనం కంటే ఈ ఆటే పెద్ద కారణమని నా నమ్మకం.

తాతయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో పనిచేసినవన్నీ సింగిల్ లైన్ స్టేషన్లు. ఒకటే పట్టా మీద అటు నుంచీ ఇటు నుంచీ బండ్లు రావాలి. ఎదురెదురుగా రాకుండా చూడటానికి నీల్స్ బాల్ టోకెన్ అని ఒక ఏర్పాటు ఉండేది. పక్కపక్క స్టేషన్లు రెండింటిలో చెరో యంత్రం, వాటి మధ్య కరెంటు తీగ, వాటిలో ఇనుప బంతులు. అవతలి స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇస్తేనే ఇవతలి యంత్రంలోంచి ఒక బంతి బయటికొస్తుంది. ఆ బంతి చేతిలో ఉంటేనే డ్రైవరు బండి కదపాలి. బండి అవతలి స్టేషన్‌కి చేరి, ఆ బంతిని అక్కడి యంత్రంలో వేసేదాకా రెండువైపులా ఇంకో బంతి రాదు. బంతి లేకపోతే ఇంకో బండీ లేదు. ఆగకుండా పోయే మెయిలుకైతే బంతిని తోలు సంచిలో పెట్టి, పెద్ద రింగుకి కట్టి, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫాం అంచున నిలబడి పైకెత్తి పట్టుకోవాలి. ఇంజనులోంచి చెయ్యి చాచి దాన్ని అందుకుంటారు. రాత్రిపూట దివిటీ వెలుగులో ఆ పని చేశానని తాతయ్య చెప్పేవారు.

ఇదంతా ఆయన నాన్నకి ఆటగా మార్చి ఇచ్చారు. వరండాలో సుద్దముక్కతో గీత గీసి, ఒక చివర తుని, ఇంకో చివర యలమంచిలి. రెండు చోట్లా చెరో డబ్బా, వాటిలో గోళీలు. తునిలో కూర్చున్నవాళ్లు “లైన్ క్లియరా?” అని అడగాలి. యలమంచిలి వాళ్లు “క్లియర్” అంటేనే డబ్బాలోంచి గోళీ తీసి ఇంజను వెనక పెట్టాలి. అప్పుడు రైలు కదలాలి. గోళీ లేకుండా రైలు తోస్తే ఆట ఆగిపోతుంది, తప్పు చేసినవాళ్లు ఒక వంతు కూర్చోవాలి.

నాన్న తన చెల్లెళ్లతో అలాగే ఆడారు. నేనూ మా తమ్ముడూ అలాగే ఆడాం. ఇప్పుడు మా అమ్మాయి హైదరాబాదులో మా ఫ్లాటు హాల్లో అలాగే ఆడుతోంది. అది తుని చూసింది లేదు, యలమంచిలి చూసింది లేదు. అయినా టీవీ బల్ల దగ్గర తుని, వంటింటి గడప దగ్గర యలమంచిలి. పక్కింటి పిల్లలు కూడా మా ఇంటికొస్తే “లైన్ క్లియరా ఆంటీ?” అని అడిగి గడప దాటుతారు.

ఈ ఆట వల్ల జరిగిన మేలు ఏమిటంటే, రైలుని ఎవరూ విసిరేయలేదు, గోడకేసి కొట్టలేదు. రైలు నెమ్మదిగా నడుస్తుంది, స్టేషన్లో ఆగుతుంది, అవతలివాళ్ల కోసం ఎదురుచూస్తుంది. కాబట్టి మీ బాబు చేతిలో రైలు పెట్టేముందు మీ నాన్నగారిని ఒక్కసారి అడగండి, చిన్నప్పుడు దీంతో ఎలా ఆడుకునేవారో. ఆయనకీ ఏదో ఒక పద్ధతి ఉండే ఉంటుంది. వీలైతే ఆయన్నే నేల మీద కూర్చోబెట్టి మనవడికి నేర్పించమనండి. మోకాళ్ల నొప్పులుంటే మంచం మీద రైలు నడిపినా సరే.

ఇక జాగ్రత్తల సంగతి.

ముందు లక్క ఎలా పూస్తారో తెలిస్తే దాన్ని ఎలా చూసుకోవాలో తేలిగ్గా అర్థమవుతుంది. ఏటికొప్పాకలో వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, నునుపుగా ఉంటుంది. దాన్ని తిరిగే యంత్రానికి బిగించి ఉలితో చెక్కి గుండ్రంగా తీస్తారు. బొమ్మ ఇంకా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క ముక్కని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకి పట్టేస్తుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కుంచె పని లేదు, ఆరబెట్టే పని లేదు. అంటే మీ రైలు మీద ఉన్నది పెయింటు కాదు, చెక్కకి కరిగి అంటుకున్న లక్క. దాని మీద ఎనామిల్ పెయింటు వేయిస్తే ఆ నునుపు పోతుంది, పైపొర నాలుగు రోజులకే పెచ్చులూడుతుంది. పైగా నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట్లో ఏ పెయింటు డబ్బాలో ఏముందో ఎవరికి తెలుసు?

లక్కకి మూడు శత్రువులు. వేడి, మంట, స్పిరిట్. మండుటెండలో కారు వెనక అద్దం దగ్గర పెట్టి మర్చిపోతే మెత్తబడి, చేతి గుర్తులు పడి, దుమ్ము అంటుకుపోతుంది. రేకుల షెడ్డు కింద అటక కూడా అంతే. మంట సంగతి మనవాళ్లకి వేరే చెప్పాలా, భారతంలో పాండవుల కోసం కట్టించిన ఇల్లు లక్కదే. మా వైపు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. మా రైలు ప్రతి ఏడూ కింది మెట్టు మీద, పల్లెటూరి బొమ్మల పక్కన ఉంటుంది. దీపాలు మాత్రం ఆ మెట్టుకి దూరంగా, నేల మీద విడిగా పెడతాం. మీ ఇంట్లో కూడా కొలువు అలవాటుంటే ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

మూడోది స్పిరిట్. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. చెక్క పనివాళ్లు పాలిష్ తయారు చేసుకునేది కూడా లక్కని స్పిరిట్‌లో కరిగించే. కరోనా రోజుల్లో మా ఇంటికొచ్చిన బంధువొకరు పిల్ల ఆడుకునే వస్తువులన్నీ శుభ్రం చేస్తానని మంచి మనసుతో శానిటైజర్ గుడ్డతో తుడిచారు. ప్లాస్టిక్ బొమ్మలకి ఏమీ కాలేదు. పసుపు పెట్టె మీద మాత్రం గుడ్డ పసుపుపచ్చగా తేలింది, పెట్టె పక్కన అరచేయంత మేర మెరుపు పోయి పాలిపోయింది. ఇప్పటికీ అక్కడ వేలు పెడితే గరుకుగా తగులుతుంది. పొడిగుడ్డ చాలు. మరీ మురికిగా ఉంటే గుడ్డ తడిపి, గట్టిగా పిండి, ఒకసారి తుడిచి వెంటనే ఆరబెట్టండి. సబ్బునీళ్లలో ముంచకండి, చెక్క ఉబ్బి చక్రాలు పట్టేస్తాయి.

రంగుల గురించి కూడా ఒక మాట. ఈ బొమ్మలకి మొదట్లో చెట్లూ గింజల నుంచి తీసిన రంగులే వాడేవారు. పసుపు కొమ్ము నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు. మధ్యలో రసాయన రంగులు వచ్చి అవి వెనకబడ్డాయి. వాటిని మళ్లీ వాడుకలోకి తెచ్చింది ఏటికొప్పాకకే చెందిన సి.వి. రాజు గారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కనిపించినవి కూడా ఇవే. ఆ రోజు టీవీలో చూస్తూ నాన్న లేచి నిలబడ్డారు. అయితే మీ రైలు ఏ కాలంలో కొన్నదో, ఏ రంగు వేసిందో చూడగానే చెప్పడం కష్టం. మీ బాబు ఇంకా వస్తువులు నోట్లో పెట్టుకుంటుంటే ఆ అలవాటు మానేదాకా ఆగండి. అంతదాకా వాడికి అక్కడే తయారైన కొత్త రైలు కొనివ్వండి. ఐఎస్ఐ గుర్తు లేదని టెన్షన్ పడకండి. 2021 నుంచి బొమ్మలకి ఆ గుర్తు తప్పనిసరి చేసినా, నమోదైన చేతివృత్తుల వాళ్లకీ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. కొనేటప్పుడు సహజ రంగులేనా అని అడిగి తీసుకోండి.

చక్రం విరిగితే ఏం చేయాలి? మా రెండో పెట్టె చక్రం ఒకటి నా చిన్నప్పుడే విరిగింది. నాన్న ఫెవికాల్ పెట్టి అతికించి ఊరుకోలేదు. సెలవుపెట్టి, విరిగిన ముక్కలు జేబు రుమాల్లో కట్టుకుని ఏటికొప్పాక వెళ్లారు. నన్నూ తీసుకెళ్లారు. అక్కడి పనివాడు ఆ ముక్కల్ని చేతిలో ఆడించి చూసి, పక్కనే పడున్న అంకుడు ముక్క తీసి బిగించాడు. ఉలి ఆనగానే రిబ్బన్లలా పొట్టు లేస్తూ చూస్తుండగానే చక్రం తయారైంది. రంగు ఏం వేయమంటారు అని అడిగాడు. నాన్న రంగు వద్దన్నారు, ఊరికే మొగలాకుతో రుద్ది ఇమ్మన్నారు. అందుకే మా రైలుకి చక్రాలన్నీ నల్లనివి, ఆ ఒక్కటే తెల్లది. ఏది పాతదో ఏది కొత్తదో చూసినవాళ్లకి తెలియాలనేది ఆయన పట్టుదల. నాకూ అదే సరైన పని అనిపిస్తుంది. మీ రైలుకి ఏదైనా విరిగితే, మీరు దూరంగా ఉంటే మీ ఊళ్లో కర్ర పని తెలిసిన వడ్రంగి అయినా చక్రం తీసివ్వగలడు. పాత ముక్క పారేయకండి, కొలతకి అదే ఆధారం.

ఇప్పుడు కీ రైలు. మాది మా పెద్ద మేనమామది. అమ్మమ్మ వాళ్లు మద్రాసు వెళ్లినప్పుడు మూర్ మార్కెట్‌లో కొన్నారు. సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉండేది, పాత పుస్తకాల దగ్గర్నుంచి బొమ్మల దాకా దొరకని వస్తువు ఉండేది కాదంటారు. 1985లో కాలిపోయింది. మావయ్య దాన్ని ప్రాణంగా చూసుకుని, అద్దాల బీరువాలో పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చివరికి ఆయనే మనవడికి చూపిద్దామని తీసి కీ తిప్పబోతే తిరగలేదు. లోపల నూనె ఎండి జిగురులా గడ్డకట్టింది. విశాఖ ఉప్పుగాలికి అడుగు రేకు తుప్పు పట్టింది. ఆయన ఎంత బాధపడ్డారో దగ్గరుండి చూశాను. ఆర్నెల్లకోసారి కాస్త కీ ఇచ్చి తిప్పి ఉంటే ఆ పని జరిగేది కాదు.

మీది కూడా అలాగే బిగుసుకుని ఉంటే బలవంతంగా కీ తిప్పకండి. గోడ గడియారాలు బాగుచేసే పాతకాలపు దుకాణం ఏదైనా మీ ఊళ్లో మిగిలుంటే అక్కడికి తీసుకెళ్లండి. లోపల ఉండేది అదే పని, స్ప్రింగూ పళ్ల చక్రాలూ. ఇంట్లో స్క్రూలు ఊడదీసి చూద్దామనుకుంటారేమో, చుట్టుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారి విడితే చెయ్యి కోసేస్తుంది. బాగయ్యాక చక్రాల ఇరుసుల దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క చాలు. కొబ్బరినూనె వేయకండి, కొన్నాళ్లకి అదే జిగురవుతుంది. ఆడాక స్ప్రింగు పూర్తిగా తిరిగిపోయేదాకా వదిలి, అప్పుడు దాచండి. చుట్టిపెట్టి దాస్తే స్ప్రింగు బలం తగ్గుతుంది. ప్లాస్టిక్ కవర్లో కట్టకండి, లోపల చెమ్మ చేరుతుంది. ఉతికిన పాత పంచె ముక్క చుట్టి అట్టపెట్టెలో పెడితే చాలు.

చిన్నపిల్లాడికి ఎందుకు వద్దంటున్నానంటే, పాత రేకు బొమ్మల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదనే నిబంధన అమల్లోకి వచ్చిందే 2017లో. అంతకు ముందు దశాబ్దాల నాటి రంగు పెచ్చులూడి పిల్లాడి వేళ్లకి, అక్కణ్ణించి నోటికి చేరితే మెదడుకి మంచిది కాదు. రేకు అంచులు కోసుకుంటాయి కూడా. పెద్దయ్యాక మీ ఎదురుగా ఆడుకుని చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

ఇంజను అడుగున, పక్కన ఏదైనా రాసుందేమో చూడండి. కొన్ని కుటుంబాల్లో విదేశాలకి వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన హార్న్‌బీ రైళ్లు ఉన్నాయి. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ నడిపిన మెకానో కంపెనీ 1920 నుంచి కీ రైళ్లు చేసింది. వాటి మీద మెకానో లిమిటెడ్, లివర్‌పూల్ అని ఉంటుంది, పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. అలాంటిదైతే చక్రాల మీద సన్నని పగుళ్లున్నాయేమో చూడండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోతపోసిన జింకు చక్రాలు కొన్ని కాలక్రమంలో ఉబ్బి, పగిలి పొడి పొడి అవుతాయి. దానికి మందు లేదు, చక్రం మార్చడమే. సేకర్తలు ఇలాంటి రైళ్ల కోసం వెతుకుతుంటారు కాబట్టి ఎవరైనా కొంటామని అడిగినా తొందరపడకండి. ఒకసారి రంగు వేయిస్తే దాని విలువ కూడా పడిపోతుంది.

మీకు చెల్లెలు కూడా ఉన్నారని రాశారు కాబట్టి ఇంకో సంగతి. పంపకాల్లో ఇంజను ఒకరికీ పెట్టెలు ఒకరికీ ఇవ్వకండి. నాకు తెలిసిన ఒక ఇంట్లో అలాగే చేశారు. అన్న దగ్గర ఇంజను, తమ్ముడి దగ్గర పెట్టెలు, ఇద్దరి పిల్లలూ దాంతో ఆడింది లేదు. మా ఇంట్లో నాన్న రైలు మొత్తం నా దగ్గరే ఉంచారు, తమ్ముడు పుణెలో ఉంటాడు. వాడి కొడుకు సంక్రాంతికి వచ్చినన్నాళ్లూ తుని స్టేషన్ మాస్టరు వాడే, మా అమ్మాయి దానికి ఎదురు చెప్పకూడదని ఒప్పందం. వాడి పేరు కూడా ఇంజను అడుగున తాతయ్య రాతకింద రాయించాం. మీరూ ఆ పని ఈ వారమే చేయండి. మీ నాన్నగారి చేతే, పెన్సిలుతో, ఎవరు కొన్నారో ఏ ఊళ్లో కొన్నారో ఏ పండక్కో రాయించండి. స్కెచ్ పెన్ను వద్దు, చెక్కలోకి ఇంకి మసకబారుతుంది.

రేకు రైలు అడుగు భాగం, కీ పెట్టే రంధ్రం దగ్గరగా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. కీ పోయిందని రాశారు కదా, ఆ రంధ్రం నలుచదరంగా ఉందో గుండ్రంగా ఉందో కనిపిస్తే పాత గడియారం కీ సరిపోతుందో లేదో చూసి చెబుతాను.